రోజాన్ ఊదిన ఈల

హార్మర్స్ బెండ్ మైదానంలో దీపాల స్తంభాలు తుప్పు పట్టాయని కౌంటీవాళ్ళు కరెంటు కోసేశారు. దాంతో ఆ ఏడు హైస్కూలు జట్ల సెమీఫైనల్‌ని శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టారు. నవంబరు మూడో వారం. ఏటి మీంచి వచ్చే గాలికి చెవులు మొద్దుబారిపోతున్నాయి. అయినా మూడువేల మంది వచ్చారు. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్ళైన ఊరది. బంతి చేత పట్టుకుని పరిగెత్తే ఈ అమెరికా ఫుట్‌బాల్ తప్ప వాళ్ళకు గర్వంగా చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆ ఆటకు అధికారులం ఐదుగురం. అందరం ఏటికి అవతలున్న ఎల్క్ లాక్ వాళ్ళం. తెల్లటోపీ పెట్టుకునే పెద్ద రెఫరీ ఓరిన్ వాస్కో. అరవై ఒక్కేళ్ళ మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈల మెడలో వేసుకున్నవాడు. నేను వెనక జడ్జిని, అంటే చివరి గీత దగ్గర నిలబడి ఆటను ఎదురుగా చూసేవాణ్ణి. నా పేరు వెండెల్ ప్రైస్. మామూలు రోజుల్లో నా పని నీళ్ళ ప్లాంటులో. పక్కగీత మీద నిలబడేది రోజాన్ హ్లవాటీ. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి, స్కూలు బస్సు నడుపుతుంది. మా రెఫరీల సంఘంలో అంతకు ముందు ఆడమనిషి లేదు. ఆమె చేరి అప్పటికి మూడేళ్ళు. వాస్కోకి ఆమె అంటే గిట్టదన్న సంగతి మా అందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఆడమనిషి కావడం ఒక్కటే కారణం కాదు. ఈల దగ్గరే ఇద్దరికీ పడేది కాదు.

బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కింద పడితే ఆట ఆగినట్టే, ఈల ఊదాలి. అందులో ఎవరికీ పేచీ లేదు. పడకుండా నిలువునా దొరికిపోయినప్పుడే చిక్కు. ముగ్గురు నలుగురు పట్టుకుంటే, ముందుకు ఇంక కదల్లేడని తేలగానే ఊదాలని రూలు. ఎప్పుడు తేలినట్టు? అది ఊదేవాడి కంటికే వదిలేశారు.

వాస్కో కొత్తవాళ్ళకు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "తోలు కనబడాలి. బంతి తోలు నీ కంటికి కనబడకపోతే విజిల్ నోట్లోకి రాకూడదు. లేటుగా ఊదిన విజిల్ వల్ల ఎవడూ చావలేదు. తొందరపడి ఊదినదాన్ని మళ్ళీ లోపలికి పీల్చుకోవడం దేవుడి వల్ల కూడా కాదు."

రోజాన్ మాత్రం పిల్లాడి కాళ్ళు చూసేది. కాళ్ళు ఆగాయా, ఒళ్ళు వెనక్కి పోతోందా, ఊదేసేది.

ఆ రోజు ఆమె నిలబడ్డ వైపే హార్మర్స్ బెండ్ జట్టు బల్లలున్నాయి. వాళ్ళ కోచ్ డెల్ బ్రానిగన్ ఆటంతా ఆమె చెవి పక్కనే ఉన్నాడు.

"ఏమ్మా, బస్సెక్కడ పెట్టావ్? నా కారుకి అడ్డంగా పెట్టలేదు కదా?"

"గీత వెనక్కి జరగండి, కోచ్."

"జరుగుతా జరుగుతా. ఆ పక్కవాడు మా కుర్రాడి చొక్కా పట్టుకు లాగుతున్నాడు, అది కనబడదు గాని నా బూట్లు మాత్రం కనబడతాయి."

"గీత వెనక్కి."

ఇలాగే రెండున్నర గంటలు. ఆమె ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. దాంతో బ్రానిగన్‌కి ఇంకా మండింది.

ఆటకు నలభై ఒక్క సెకన్లు మిగిలి ఉన్నాయి. ఎదుటి జట్టు వెస్ట్ ఆల్డన్ పద్నాలుగు, హార్మర్స్ బెండ్ పన్నెండు. బంతి హార్మర్స్ బెండ్ చేతిలో ఉంది, చివరి గీతకు తొమ్మిది గజాల దూరంలో. ఇదే ఆఖరి ప్రయత్నం. రెండు గజాలు సాగితే బంతి వాళ్ళ దగ్గరే ఉంటుంది, లేకపోతే అంతా అయిపోయినట్టే.

బంతిని ట్రే గివెన్స్‌కి ఇచ్చారు. పదిహేడేళ్ళ కుర్రాడు, నడుము మోటుగా, దూడలా ఉంటాడు. రోజాన్ ఉన్న వైపు దూసుకొచ్చాడు. ఒకటిన్నర గజం సాగాడో లేదో వెస్ట్ ఆల్డన్ వాళ్ళు ముగ్గురు పట్టేశారు. ఒకడు కాళ్ళకి చుట్టుకున్నాడు, ఒకడు భుజానికి వేలాడాడు, యాభై నాలుగో నంబరు వాడు నడుము వాటేసుకున్నాడు. ట్రే పడలేదు. కానీ ఆగిపోయాడు. తర్వాత వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు. నా ఎడమ వైపు నుంచి వాళ్ళ నాలుగోవాడు తల దించుకుని పొడవడానికి వస్తున్నాడు.

రోజాన్ ఊదింది.

నేను ఎదురుగా, పది గజాల్లో ఉన్నాను. నాకూ వాళ్ళకీ మధ్య ఎవరూ లేరు. ఈల వినబడగానే యాభై నాలుగోవాడు చేతులు రెండూ తెరిచేశాడు. పైకెత్తి చూపించాడు కూడా, ఈల తర్వాత కొట్టానని నా మీద పడకండి అన్నట్టు. భుజానికి వేలాడినవాడు జారి దిగాడు. పొడవడానికి వస్తున్న నాలుగోవాడు మడమలు నేలకు తన్ని పక్కకి జారిపోయాడు. ట్రే కాళ్ళు విదిలించుకుని ఆ తెరిచిన చేతుల్లోంచి బయటికొచ్చి నన్ను దాటుకుని చివరి గీత లోపలికి పరిగెత్తాడు.

మూడువేల మంది ఒక్కసారి లేచారు. బ్యాండు వాళ్ళు స్కూలు పాట ఎత్తుకున్నారు. ఒక ముసలాయన కంచె దూకేశాడు. రోజాన్ మాత్రం ఆగిన చోట కాలు పెట్టి, చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. అర గజం తక్కువ, అంటే ఆట వెస్ట్ ఆల్డన్‌దే. జనానికి అది అర్థం కావడానికి పది సెకన్లు పట్టింది. బ్యాండు ఒక్కొక్క వాయిద్యంగా ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చిన అరుపు లాంటిది నేను మళ్ళీ వినలేదు.

బ్రానిగన్ టోపీ నేలకేసి కొట్టి మైదానంలోకి వచ్చేశాడు. "కళ్ళు ఎవరికి అద్దెకిచ్చావే? వాడు నడుస్తున్నాడు, బతికున్నాడు, పరిగెత్తాడు. చచ్చినవాడు పరిగెత్తుతాడా?"

వాస్కో అతన్ని చేత్తో ఆపి ముందు నా దగ్గరికి వచ్చాడు. అలా రావడం పద్ధతే. ఎదురుగా ఉన్నవాణ్ణి అడగాలి.

"వెండెల్, నీకేం కనబడింది?"

నాకు అంతా కనబడింది. నోటి దాకా వచ్చింది కూడా. అతని భుజం మీంచి జనం కనబడుతున్నారు. కంచె అవతల ఒకావిడ, మా అమ్మ వయసుంటుంది, పళ్ళు బయటపెట్టి ఏదో తిడుతోంది. వాళ్ళలో కొందరు నాకు తెలుసు, నేను వాళ్ళకు తెలుసు. మా ఊళ్ళ మధ్య ఉన్నదల్లా ఒక వంతెన.

"ఆటగాళ్ళు అడ్డమొచ్చారు," అన్నాను. "సరిగ్గా కనబడలేదు."

వాస్కో ఒక క్షణం నా మొహంలోకి చూశాడు. వెనక్కి తిరిగి బ్రానిగన్ దగ్గరికెళ్ళి, రోజాన్ పక్కనే ఉండగా అన్నాడు. "నేనైతే ఊదేవాణ్ణి కాదు, డెల్. కానీ ఊదేసింది. ఒకసారి ఊదాక నేను చేసేదేమీ లేదు."

గీత పక్కన లోకల్ రేడియో కుర్రాడొకడు మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి ఆ మాట ఏటికి రెండు పక్కలా ప్రతి ఇంట్లోనూ వినబడింది. పెద్ద రెఫరీయే తప్పన్నాడు, ఇంకేం కావాలి?

పోలీసులు ఇద్దరు మమ్మల్ని వ్యాన్ దాకా నడిపించారు. ఎవరో వేడి చాక్లెట్ గ్లాసు విసిరితే రోజాన్ మెడ మీద పడి చొక్కా లోపలికి కారింది. ఆమె తుడుచుకోలేదు. వంతెన మీదికి వచ్చాక ఆమె వెనక సీటు నుంచి అడిగింది.

"వెండెల్, ఎదురుగా ఉన్నది నువ్వే కదా."

"అంతా రెప్పపాటులో అయిపోయింది, రోజాన్."

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. వాస్కో రేడియో పెట్టబోయి మానేశాడు.

ఆదివారమంతా ఊళ్ళో అదే గోల. కోచ్ తరఫు వాళ్ళు తీసిన వీడియో ఉంది. కానీ అది గ్యాలరీ పైనుంచి, ట్రే వీపు వైపు నుంచి తీసింది. అందులో కుర్రాడు ఆగడం, ఒక ఈల, మళ్ళీ పరిగెత్తడం కనబడతాయి. చేతులు కనబడవు. సారాదుకాణాల్లో దాన్ని ఆపి ఆపి చూశారు. ట్రే ఒట్టి బలంతో ముగ్గుర్ని విదిలించుకున్నాడని తేల్చేశారు.

సోమవారం పొద్దున బస్సు సంగతి జరిగింది.

పిల్లలు తగ్గిపోవడంతో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా బడి రెండూళ్ళకీ కలిపి ఒకటే చేశారు. ఆ బడి బస్సుల్లో ఒకటి రోజాన్‌ది. మా అమ్మాయి కోరా ఏడో తరగతి, అదే బస్సులో వెళ్తుంది. నేను నీళ్ళ ప్లాంటుకి వెళ్తూ ఫెర్రీ వీధిలో ఆ బస్సు వెనక తగులుకున్నాను. ముందు రైలు పట్టాలు. అక్కడ గేటు లేదు, అడ్డ కర్రల గుర్తు మాత్రమే. పట్టాలు గోదాముల వెనక నుంచి మలుపు తిరిగి వస్తాయి కాబట్టి రైలు కంటికి కనబడేసరికి మీద పడుతుంది. అందుకని స్కూలు బస్సు ప్రతిసారీ పట్టాల ముందు ఆగాలి. తలుపు తెరవాలి, పిల్లలు నోళ్ళు మూసుకోవాలి, డ్రైవరు చెవి పెట్టి వినాలి, అప్పుడు కదలాలి. చట్టం అది.

బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఈలలు.

ఒకటి కాదు, రెండు కాదు. బస్సంతా ఈలలే. జట్టు అభిమానుల సంఘం వాళ్ళ దగ్గర పండగ ఊరేగింపుకి తెప్పించిన నారింజరంగు ప్లాస్టిక్ ఈలలు మిగిలిపోయాయట. ఎవరో పెద్దమనిషి ఆ పెట్టెను బస్టాపులో పెట్టి, తలా ఒకటి తీసుకోండర్రా అన్నాడట.

ఒక నిమిషం చూశాను. రెండు నిమిషాలు. బస్సు కదల్లేదు. నా వెనక కార్లు చేరాయి. ట్రక్కు వాడొకడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. నేను దిగి బస్సు తలుపు దగ్గరికి వెళ్ళాను.

రోజాన్ ఇంజన్ ఆపేసి, రెండు చేతులూ చక్రం మీద పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది.

"రోజాన్, నేను దిగి చూస్తా. రైలేం లేదులే, పోనీ."

"కారెక్కు, వెండెల్."

"నేను పట్టాల మీద నిలబడి చెయ్యి ఊపుతా."

"నువ్వు చూశానని చెప్తే నేను నమ్మాలా?" అంది, నా వైపు తిరక్కుండానే.

ఆమె అద్దంలోకి చూసి పిల్లలతో ఒక్కసారే అంది. "మీరు ఆపేదాకా నాకు పట్టాలు వినబడవు. వినబడేదాకా బస్సు కదలదు."

వెనక సీటు నుంచి ఒకడు, "మిస్, తొందర మీకలవాటే కదా, తొందరగా పోనీయండి," అన్నాడు. బస్సంతా నవ్వు. మళ్ళీ ఈలలు, ముందుకన్నా గట్టిగా.

అప్పుడు చూశాను. మూడో వరసలో కిటికీ పక్కన మా కోరా. బుగ్గలు ఉబ్బించి, నోట్లో నారింజరంగు ఈల. నన్ను చూడగానే తీసి చేతితొడుగులో దాచేసుకుంది.

ఇరవై రెండు నిమిషాలు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు, తిట్టలేదు, బతిమాలలేదు. పిల్లలకే దవడలు నొప్పి పుట్టి ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరిదాకా ఊదిన ఇద్దరు, మిగతావాళ్ళు ఆపేశాక సిగ్గేసి ఆపారు. బస్సు నిశ్శబ్దమైంది. ట్రక్కు వాడు కూడా హారన్ వదిలేశాడు. రోజాన్ తలుపు వైపు తల వంచి, ఒక నిమిషం పాటు, అవసరమైన దానికన్నా ఎక్కువసేపే విన్నది. రైలేమీ రాలేదు. ఇంజన్ వేసి పట్టాలు దాటించింది.

మధ్యాహ్నానికల్లా బస్సుల కంట్రాక్టరుకి ముప్పై ఫిర్యాదులు వెళ్ళాయి. పిల్లల్ని బస్సులో బందీలుగా పెట్టిందని. మర్నాటి నుంచి ఆమెకు ఆ దారి ఇవ్వలేదు. కొండ మీది ఊళ్ళకు పంపించారు.

ఆ సాయంత్రం కోరాని వంటింట్లో కూర్చోబెట్టాను.

"ఆ విజిల్ ఎవరిచ్చారు?"

"అందరికీ ఇచ్చారు."

"ఇస్తే? ఊదాలా?"

"ఆవిడ తప్పు చేసింది కదా, నాన్నా."

"నీకెవరు చెప్పారు?"

"అందరూ. టీవీలో కూడా."

"నేను చెప్పానా?"

కోరా బల్ల మీద గీతలు గీస్తూ ఆలోచించింది. "నువ్వేం చెప్పలేదు," అంది. "నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఆవిడది తప్పు కాకపోతే కాదని చెప్పేవాడివి కదా అనుకున్నా."

దానిమీద కోప్పడదామని కూర్చున్నవాణ్ణి లేచిపోయాను.

బుధవారం సాయంత్రం ఫైర్ స్టేషన్ మేడ మీద మా సంఘం సమావేశం. బ్రానిగన్ రాసిన ఉత్తరాన్ని అధ్యక్షుడు మిల్టన్ సాబో చదివాడు. వచ్చే శనివారం ఫైనల్‌కి మా ఐదుగురినే వెయ్యాలని ముందే అనుకున్నారు. ఆ మనిషి మైదానంలో ఉండకూడదు అన్నది బ్రానిగన్ కోరిక. ఇరవై ఇద్దరు సభ్యులం మడత కుర్చీల్లో కూర్చున్నాం. రోజాన్ తలుపు దగ్గర, కోటు విప్పకుండా కూర్చుంది.

సాబో వాస్కోని లేపాడు. వాస్కో మాటలు కొలిచి మాట్లాడతాడు.

"ఆమెకు ధైర్యం లేదనను. రూలు తెలీదనను. ఓపిక లేదు, అంతే. డెబ్బై తొమ్మిదిలో నేనూ ఇలాగే ఊదాను. బంతి అప్పటికే వాడి చేతిలోంచి జారి కింద ఉంది, ఎవరైనా ఎత్తుకుని పరిగెత్తొచ్చు. నాకు కనబడలేదు, ఊదేశాను. ఒక జట్టు సంవత్సరమంతా పడ్డ కష్టం నా నోట్లోంచి పోయింది. ఆ జట్టు కోచ్ మా బావమరిది. పందొమ్మిదేళ్ళైంది, మా ఇంటి గడప తొక్కలేదు. అందుకే చెప్తున్నా. కనబడేదాకా ఆగండి."

తలలు ఊగాయి. వాస్కో మాటంటే అక్కడ వేదవాక్కు.

"నేనొకటి అడగొచ్చా?" అంది రోజాన్.

సాబో చెయ్యి చూపించాడు.

"పోయినేడు క్లారిడేల్‌లో చిన్నపిల్లల ఆట, ఓరిన్. మనిద్దరమే. ఆ పిల్లాణ్ణి ముగ్గురు నిలబెట్టి పట్టుకున్నారు. మీ వైపు. మీకు తోలు కనబడలేదు, ఆగారు. నాలుగోవాడు వచ్చి తలతో పక్కటెముకల్లో పొడిచాడు. ఆస్పత్రిలో ఆ పిల్లాడి ప్లీహం తీసేశారు. లేటు విజిల్ వల్ల ఎవరూ చావలేదంటారు మీరు. చావలేదు, నిజమే. నేను వెళ్ళి చూశాను వాణ్ణి. మీరు వెళ్ళారా?"

వాస్కో మెడ ఎర్రబడింది. "అది ఆటలో దెబ్బ."

"మొన్న శనివారం కూడా నాలుగోవాడు వస్తున్నాడు."

"నువ్వు చెప్తున్నావ్. ఇంకెవరూ చూడలేదు."

కుర్చీలు కిర్రుమన్నాయి. నేను లేచినట్టు నాకే తెలియలేదు.

"నేను చూశాను," అన్నాను.

మొత్తం చెప్పాను. కాళ్ళు ఆగడం, రెండడుగులు వెనక్కి పోవడం, తల దించుకుని వస్తున్న నాలుగోవాడు, ఈల, ఆ తర్వాత యాభై నాలుగోవాడి చేతులు తెరుచుకోవడం. "ఈల విని వదిలేశారు. వదిలేశారు కాబట్టి పరిగెత్తాడు. ఊదకపోయి ఉంటే ఆ కుర్రాడి ఎముకలు అక్కడే విరిగేవి."

తర్వాత వాస్కో మెల్లిగా అన్నాడు. "నేను నీ దగ్గరికి వచ్చి అడిగాను, వెండెల్. మొహం మొహం చూసి అడిగాను."

"అవును."

"కనబడలేదన్నావ్."

"భయపడ్డాను."

"నాలుగు రోజులా?" అన్నాడెవరో వెనక నుంచి. "విజిల్ గొంతులో ఇరుక్కుందా ఏం?"

నవ్వారు. నేను ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నాను. రోజాన్ నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు.

ఓట్లు వేశారు. పదమూడు మంది ఆమె ఊదింది సరైనదే అన్నారు, తొమ్మిది మంది కాదన్నారు. అక్కడితో గెలిచినట్టే అనుకున్నాను. సాబో కాగితాలు సర్దుకుంటూ, "అయితే మరి ఫైనల్‌కి వేరే ఐదుగురిని వేద్దాం. ఊరికే గొడవెందుకు? మొన్న జరిగిందే చాలు," అన్నాడు. దానికి ఓట్లు అడగలేదు. ఎవరూ అడగమననూ లేదు. నేను కూడా.

రోజాన్ మెట్లు దిగి వెళ్ళిపోయింది. వాస్కో నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"ఆ డెల్ గాడితో నేనన్న మాట ఈ జన్మకి నన్ను వదలదు. తప్పని తెలిసి అన్లేదు. నువ్వు కనబడలేదంటే అన్నాను. ఆ రోజే నిజం చెప్పి ఉంటే ఆ రేడియో వాడి ముందు ఆమె తరఫున నిలబడేవాణ్ణి. నిలబడేవాణ్ణి కాదంటావా?"

"నిలబడేవాడివే," అన్నాను. నిజంగానే నిలబడేవాడు. ఇష్టం లేకపోయినా నిలబడేవాడు.

"ఇంక నా వ్యాన్ ఎక్కకు," అని దిగిపోయాడు. ఆ తర్వాతి సీజన్‌కి అతను ఈల వదిలేశాడు. మోకాళ్ళు పోయాయని చెప్పాడు. క్లారిడేల్ పిల్లాడి ఇంటికి ఒకసారి వెళ్ళాడని విన్నాను. లోపలికి రానిచ్చారో లేదో తెలీదు.

ఏప్రిల్‌లో నా కారుకి టైరు మార్పించడానికి హార్మర్స్ బెండ్ వెళ్ళాల్సి వచ్చింది. ఎల్క్ లాక్‌లో ఉన్న ఒక్క షాపూ మూసేశారు. జాకీ పెట్టి చక్రం విప్పుతున్న కుర్రాడు ట్రే గివెన్స్. నన్ను గుర్తుపట్టాడు. నట్లు విప్పడం అయ్యాక, నా వైపు చూడకుండానే అడిగాడు.

"సర్, ఆవిడ ఇంకా రెఫరీగా చేస్తోందా?"

"చేస్తోంది. మీ ఊళ్ళో కాదు."

"నాకు విజిల్ వినబడలేదండీ. ఒట్టు. నడుము చుట్టూ చేతులు వదులవడం తెలిసింది, అంతే. నా బలమే అనుకున్నాను." టైరు దొర్లించి పక్కన ఆనించాడు. "ఇంటికెళ్ళి పడుకున్నాక అర్థమైంది. యాభై నాలుగోవాడు నాకన్నా నలభై పౌన్లు ఎక్కువ. వాణ్ణి నేనెలా విదిలిస్తాను?"

"ఎవరికైనా చెప్పావా?"

"కోచ్‌కి చెప్పాను. నోర్మూసుకోమన్నాడు." నట్లు ఏరి పక్కన పెట్టాడు. "మా నాన్న ఆ ఫోటో పటం కట్టించి హాల్లో పెట్టాడండీ. నేను గీత దాటుతున్నది. ఎలా చెప్పమంటారు?"

నేను అక్కడ నుంచి నేరుగా రోజాన్ ఇంటికి వెళ్ళాను. ఆమె ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని బూట్ల మట్టి కత్తితో గీకుతోంది. కొండ ఊళ్ళ దారులు మహా బురద. నన్ను కూర్చోమనలేదు. నిలబడే ట్రే అన్నదంతా చెప్పాను. ఆమెకు సంతోషమవుతుందనుకుని వెళ్ళాను, ఆ మాట దాచడమెందుకు?

ఆమె రెండో బూటు తీసుకుంది.

"నాకు తెలుసు," అంది.

"కుర్రాడు తనంతట తనే అన్నాడు."

"నాకు ఆ శనివారమే తెలుసు, వెండెల్. ఊదింది నేను. నేను చూసింది నాకు ఇంకొకరు వచ్చి చెప్పక్కర్లేదు." కత్తి మొనతో మడమ దగ్గరి మట్టి పెళ్ళ ఊడదీసింది. "పదిహేడేళ్ళవాడు కోచ్ దగ్గరికెళ్ళి చెప్పాడన్నమాట. నువ్వు నలభై నాలుగేళ్ళవాడివి. నీకు బుధవారం దాకా పట్టింది."

"క్షమించమని..."

"వద్దు. ఆ రోజు బుధవారం నువ్వు లేచి చెప్పినందుకు నాకు ఓట్లు పడ్డాయి. అందుకు థ్యాంక్స్ చెప్పాలి కాబోలు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నోరు రావట్లేదు." తలెత్తి మొదటిసారి సూటిగా చూసింది. ద్వేషం కూడా లేదు ఆ చూపులో, అలసట ఉంది. "వెళ్ళు. వంతెన మీద ట్రాఫిక్ ఎక్కువవుతుంది."

వెళ్ళాను.

ఆమె ఆట వదల్లేదు. నాలుగేళ్ళు కొండ మీది చిన్న బడుల ఆటలు, వానలో బురదలో చేసింది. హార్మర్స్ బెండ్ వాళ్ళు ప్రతి ఏడూ తమ ఆటలకొచ్చే రెఫరీల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేస్తూనే వచ్చారు. బ్రానిగన్ పోయాక కూడా కొట్టేశారు. అప్పటికి అది ఎందుకో కుర్రవాళ్ళకి తెలీదు కూడా. ఐదో ఏడు సాబో ఆమెకు తెల్లటోపీ ఇచ్చాడు. తెల్లటోపీ వచ్చినవాళ్ళు తమ నలుగురిని తామే ఎంచుకోవచ్చు. ఆమె ఇచ్చిన కాగితాన్ని ఫైర్ స్టేషన్ బోర్డు మీద అంటించారు. సంఘంలో వెనక జడ్జిగా నాకన్నా అనుభవమున్నవాడు అప్పటికి ఎవడూ లేడు.

నేను దగ్గరికెళ్ళి చదివాను. నాలుగు పేర్లున్నాయి. నా పేరు లేదు. ఎందుకని అడగలేదు. కోటు వేసుకుని మెట్లు దిగి ఇంటికి వచ్చేశాను.